ఆలోచనాశక్తి పరీక్షకు మన పిల్లలు
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రులనుద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ ఏటి నివేదికను కార్యదర్శిగారు ఇంతకుముందే చదివియున్నారు. నాకు మిగిలిన పావుగంటను ఒక్క విషయమునకే వినియోగింతును. పై తరగతుల పిల్లల తండ్రులు నన్ను పలుమారులడిగిన ప్రశ్న యిది: "మాస్టారూ, విశ్వవిద్యాలయపు పరీక్షలో ఏ పాఠములోను లేని ప్రశ్నలడుగుదురట! దానికేమి చదివింపవలెను?"

కేంద్రీయ విశ్వవిద్యాలయములలో డిగ్రీ తరగతుల ప్రవేశమునకై 2022 నుండి సి.యు.ఇ.టి. అను ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. హైదరాబాదు, పుదుచ్చేరి, తిరువారూరు, కలబురగి, అనంతపురము మొదలగు చోట్లనున్న కేంద్రీయ విశ్వవిద్యాలయములకు దారి యిదియే. అందు ఆయా విషయముల పత్రములు గాక, లోకజ్ఞానమును, లెక్కను, తర్కమును కలిపి పరీక్షించు సామాన్య పత్ర మొకటి కలదు. 2025 నాటి నిబంధనల ప్రకారము 60 నిమిషములలో 50 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలెను. అనగా ప్రశ్నకు 72 సెకనులు. ఒప్పునకు 5 మార్కులు. తప్పునకు 1 మార్కు కోత. ఏ చదువునకు ఈ పత్రము కావలెనో ఆయా విశ్వవిద్యాలయపు నిబంధనలలో ముందుగా చూచుకొనుడు, అన్నింటికి అక్కరలేదు.

ఈ పరీక్షను 13 భాషలలో వ్రాయవచ్చును. వానిలో తెలుగొకటి. ఈ మాట చెప్పినప్పుడు మీలో చాలమంది ఆశ్చర్యపడిరి. తెలుగు మాధ్యమమున చదివినవానికి ఇట్టి పరీక్ష అందదని తలచి, ఎనిమిదవ తరగతిలోనే బడి మాన్పించుకొని పోయినవారును కలరు. అది నాకు బాధ కలిగించిన సంగతి.

తర్కమునకు భాష అడ్డు కాదు. భాషను అజాగ్రత్తగా చదువుటయే అడ్డు. "అందరూ రాలేదు" అను వాక్యమును చూడుడు. ఒక్కరును రాలేదనియా? కొందరు వచ్చి కొందరు రాలేదనియా? ఇంటిలోనైతే చెప్పువాని గొంతునుబట్టి తెలిసికొందుము. పరీక్షలో గొంతు వినబడదు. "ఎవరూ రాలేదు" అన్నచో సందేహమే లేదు. ఇట్టి భేదమును మాతృభాషలో పట్టుకొనుటకు అలవాటుపడిన పిల్లవాడు "అన్నియు", "కొన్ని", "మాత్రమే" అను మాటలు కనబడగానే ఆగి చూచును. అరవము మాటలాడు పొరుగువారితోను, కన్నడము మాటలాడు బంధువులతోను పెరిగిన మన హోసూరు పిల్లలకు మాటలను పోల్చిచూచుట పుట్టుకతోనే వచ్చిన అలవాటు గదా!

ఈ విద్య మనకు కొత్తదియు కాదు. పదునేడవ శతాబ్దివాడైన ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలుర కొరకే రచించెను. పొగ యున్నచోట నిప్పుండును; నిజమే. నిప్పున్నచోట పొగ యుండునా? కట్టె తడిదైననే యుండును. కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. మీ వంటింటి గ్యాసుపొయ్యియు అంతే. వాక్యమును తలక్రిందులు చేసినంతమాత్రమున అది నిజము కాదను ఈ ఒక్క సంగతి తెలిసినచో ఎన్నో ప్రశ్నలు తేలికపడును.

మన ఊరి ఉదాహరణ మొకటి. "ఈ ఏడు గులాబీల ధర పెరిగినది, కనుక రైతుల లాభము పెరిగినది." ఇందు చెప్పకయే నమ్ముకొన్న దేమి? పూలు తక్కువ పూయలేదనియు, మందుల ఖర్చు, కూలి, రవాణా ఆ పెరుగుదలను మ్రింగివేయలేదనియు. తొమ్మిదవ తరగతిలో ఈ ప్రశ్న వేయగా, మొదట సమాధానము చెప్పినది లెక్కలలో వెనుకబడిన యొక పూలరైతు కుమార్తె! తరగతి అంతయు చప్పట్లు కొట్టినది.

ఇక నేను చేసిన తప్పును దాచను. నిశ్చయముగ తెలియనిదానిని ముట్టవద్దని, కోతకు భయపడి, ఏండ్ల తరబడి బోధించితిని. నా మాట నమ్మిన విద్యార్థి యొకడు పదునాలుగు ప్రశ్నలు వదలివచ్చెను. కొద్ది మార్కులలో వానికి చోటు తప్పిపోయినది. ఆ రాత్రి కూర్చుండి లెక్క వేసితిని. నాలుగు సమాధానములలో ఏదియు తెలియకయే గుర్తించినను, సగటున నాలుగు ప్రశ్నలలో ఒకటి తగులును. 5 వచ్చును, 3 పోవును. ఆలోచించి రెండు సమాధానములను కొట్టివేయగలిగినచో, రెండు ప్రశ్నలలో ఒకటి తగులును. 5 వచ్చును, 1 పోవును. ఈ లెక్కన పదునాలుగింటికి సగటున 28 మార్కులు! ఇది ఖాయమని కాదు. అదృష్టము ఎటైనను పోవచ్చును. కాని ఆలోచనాశక్తి పరీక్షకు ఆలోచింపక సలహా యిచ్చినవాడను నేనే. ఆ బాలుని యింటికి పోయి తండ్రిగారి యెదుట చెప్పుకొంటిని. వారు నన్నేమియు అనలేదు. మరల టీ తెమ్మని లోపలికి కేకవేసిరి. కోత నిబంధన మారినచో ఈ లెక్కయు మారును, ఏటేట చూచుకొనవలెను.

వేలకు వేలు పోసి శిక్షణకేంద్రములలో చేర్పింపవలెనా? సంపన్నులు చేర్పింపవచ్చును; అప్పు చేసి మాత్రము వద్దు. గడియారము ముందుంచుకొని పాత పత్రములను చేయుట, తప్పిన ప్రతి ప్రశ్నకు ఎందుకు తప్పినదో ఒక వాక్యము వ్రాసికొనుట, దినమున కొక వార్త చదివి "దీనికి ఆధారమేమి?" అని ఇంటిలో అడుగుట, ఇవి మనచేతిలోనివే. పిల్లవాడు మీకెదురు ప్రశ్న వేసినప్పుడు కసురుకొనకుడు. ఇది అన్నింటికంటె కష్టమైన సాధన. తండ్రిగా నాకును తెలియును.

వచ్చు శనివారమునుండి సాయంకాలము నాలుగు గంటలకు పదునొకండవ తరగతి గదిలో ఈ అభ్యాసము జరుగును. రుసుము లేదు. మొదటి వారము ప్రతి పిల్లవానితో తల్లియో తండ్రియో వచ్చి బల్లపై కూర్చుండవలెను. గులాబీల ప్రశ్నపై నాకెదురు చెప్పదలచినవారు ఆనాడే చెప్పవచ్చును.