నల్లకోటు వేసుకున్నాక మొదటి మూడేళ్ళు

 

హాస్టల్లో పిల్లలు మమ్మల్ని తరచూ అడుగుతారు: "మేడం, లా చదివితే జీతం ఎంతొస్తుంది?" టీచరుకైతే, కానిస్టేబులుకైతే ఠక్కున చెప్తాం. లాయరుకు జీతం ఉండదు, ఫీజు ఉంటుంది. ఆ ఫీజూ మొదట్లో సీనియరు గారిదే. జూనియరుకు చాలాచోట్ల బస్సు చార్జీ, టీ ఖర్చు వస్తే గొప్ప. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలైనా ఇమ్మని సీనియర్లకు చెప్పింది. అది సలహా మాత్రమే. ఇచ్చి తీరాలన్న రూలు కాదు.

మన పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్పు పట్టా చేతికొచ్చిన రోజుతో ఆగిపోతాయి. తండ్రికి ఆస్తి ఉన్న కుర్రాడు మూడేళ్ళు ఆగగలడు. మనవాడు ఇంటికి డబ్బు పంపాలి. అందుకే లా పాసైనవాళ్ళు కూడా నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టి ఏదో షాపులో కుదురుకుంటారు. ఎన్‌రోల్ అయినవాళ్ళు నెలజీతం ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చెయ్యకూడదు కూడా.

కానీ ఆ మూడేళ్ళకు ఇప్పుడు లెక్క ఉంది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ఉద్యోగానికి మూలవేతనమే 77,840 రూపాయలు. తాత్కాలికంగా ఎన్‌రోల్ అయిన రోజు నుంచే ఆ మూడేళ్ళు లెక్కకొస్తాయి. కాబట్టి పట్టా రాగానే ఎన్‌రోల్ అవ్వండి, బార్ పరీక్ష తరవాత రాసుకోవచ్చు. ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: చట్టం ప్రకారం మన ఎస్టీ పిల్లలకు ఎన్‌రోల్‌మెంటు ఫీజు 100 రూపాయలు స్టేట్ బార్ కౌన్సిల్‌కి, 25 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి. మొత్తం 125. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. అంతకు మించి వసూలు చెయ్యకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. వేలల్లో అడిగితే ఆ తీర్పు చూపించండి.

ఈ మూడేళ్ళు గడవాలంటే ఎక్కడ మొదలుపెడతామన్నది ముఖ్యం. విజయవాడలో గది అద్దె కట్టే బదులు ఇంట్లో తిని చీరాల కోర్టుకో, బాపట్ల కోర్టుకో వెళ్ళండి. తెలుగు, ఇంగ్లీషు టైపు నేర్చుకోండి. పిటిషన్ సొంతంగా తయారుచేయగల జూనియర్ని సీనియరు వదులుకోడు. పేరున్న సీనియరు కంటే పని చెప్పే సీనియరు మేలు. 216 జాతీయ రహదారి పక్కన ఉన్న ఊళ్ళు మనవి, ప్రమాద పరిహారం కేసులకు కొదవ లేదు. ఇక పెద్దలకు ఒక మనవి. "ఇంకా సంపాదన లేదా?" అని ఆ బిడ్డను పెళ్ళిళ్ళలో అడక్కండి. డిగ్రీకి చందా వేసుకున్న సంఘం ఈ మూడేళ్ళకూ నెలనెలా కొంత వెయ్యగలదేమో ఆలోచించండి.

ఇంత కష్టపడి ఎందుకంటారా? మన యానాదుల్ని, ఎరుకల వారిని నేరస్థ జాతులని రాసిన చట్టం దేశమంతటా రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. స్టూవర్టుపురం మనకు ఎంత దూరం? ఆనాడు మనకోసం తిరిగినవారు నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య గారు. ఆయన మన కులంవారు కాదు. ఈనాటికీ అడ్వాన్సు పేరుతో రొయ్యల చెరువు గట్టున కట్టిపడేసిన కుటుంబానికి 1976 వెట్టిచాకిరీ చట్టం ఉందని చెప్పేవాడు కావాలి. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు. వచ్చే ఆ లాయరు మన గూడెం భాష తెలిసినవాడైతే అమ్మ భయపడకుండా చెప్పుకుంటుంది.

లాసెట్ రాయాలనుకునేవాళ్ళు భోజనాలయ్యాక మా దగ్గరికి రండి. ఇంటర్ అయితే అయిదేళ్ళ కోర్సు, డిగ్రీ అయితే మూడేళ్ళది. కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా జిరాక్సులు తెచ్చుకోండి. పత్రం ఇంకా చేతికి రాని వాళ్ళు పేరు, గూడెం పేరు రాసివ్వండి, సోమవారం తహసీల్దారు ఆఫీసుకు కలిసే వెళ్దాం.