జపాను నగరములలో నలుగురు మిత్రులము

(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



మూడు దినములనుండి మీరీ తరగతులలో నిధులు, పద్దులు, తీర్మానములు, తనిఖీలు మొదలగు విషయములను ఓపికతో వినుచున్నారు. ఈ సాయంకాలము శాఖా విషయములు కాక మరేదైన చెప్పుమని నిర్వాహకులు నన్ను కోరిరి. 2025వ సంవత్సరము ఏప్రిలు మాసమున ముగ్గురు మిత్రులతో గూడి నేను జపాను దేశమున పది దినములు తిరిగి వచ్చితిని. ఆ ముచ్చట చెప్పెదను. ఇది సర్కారు సొమ్ముతో చేసిన పర్యటన కాదు. ఎవరి ఖర్చు వారిదే. ఈ మాట ముందుగా చెప్పుట మంచిది, ఏలయన ప్రశ్నల సమయమున మీలో ఎవరో యొకరు తప్పక అడుగుదురు.

మా నలుగురిలో ఒకరు పశువైద్యులు, ఒకరు లెక్కల ఉపాధ్యాయులు. మూడవవారు తెనాలి ప్రాంతపు వరి రైతు, పదేండ్లు తమ గ్రామమునకు సర్పంచిగా నుండినవారు. మాకందరికిని వయసున పెద్ద గనుక అన్నగారని పిలుచుచుందుము. ఆయన పుట్టినది మొదలు శాకాహారి, గ్రుడ్డు సైతము ముట్టరు. "అక్కడ మీకు తిండి ఇబ్బంది యగును, అన్నగారూ" అని మేము చెప్పగా, "అన్నము తిను దేశములో అన్నము దొరకకపోవునా?" అని ఆయన బయలుదేరిరి. అయినను ఆవకాయ సీసా యొకటి, కందిపొడి పొట్లములు రెండు పెట్టెలో పెట్టుకొనుట మానలేదు.

టోక్యో నగర జనసంఖ్య సుమారు ఒక కోటి నలుబది లక్షలు. అంత జనమున్న ఊరిలో వీధివెంట ఎంత దూరము నడచినను చెత్తకుండీ కానరాదు. 1995లో ఒక మతశాఖ వారు భూగర్భ రైళ్లలో విషవాయువు వదలి ప్రాణములు తీసిన పిమ్మట, భద్రత కొరకు కుండీలను చాలవరకు తొలగించిరట. కుండీ లేదు గదా యని ఎవరును చెత్తను క్రింద పారవేయరు, ఇంటికి పట్టుకొని పోవుదురు. మా ఉపాధ్యాయ మిత్రుడు అరటితొక్కను చొక్కా జేబులో పెట్టుకొని సగము దినము తిరిగెను. వెయ్యి రూపాయల చొక్కా, మరక ఇప్పటికిని పోలేదు.

ఉయెనో అను పేటలో పెద్ద తామరకొలను కలదు. దాని నడుమ దీవిలో బెంజైతెన్ అను దేవత గుడి. ఈమె మన సరస్వతియే. బౌద్ధముతో పాటు చీనామీదుగా ఆ దేశము చేరినది. వీణకు బదులు బివా అను తంత్రీవాద్యము పట్టుకొనియుండును. అట్లే మన శ్రీపర్వతముతో పేరు ముడివడిన నాగార్జునాచార్యుని వారు ర్యూజు అని పిలుతురు. జపానులో జనబాహుళ్యముగల యొక బౌద్ధశాఖ ఆయనను తమ ఏడుగురు ఆచార్యులలో మొదటివానిగా పూజించుచున్నది. ఈ సంగతి తెలిసినది మొదలు అన్నగారు ఆ దేశమున చుట్టరికము కలసినవారివలె నడువసాగిరి.

ఒకనాడు ఆయన దేవాలయములు చాలునని ఒక అంగడికి మమ్ము తీసికొనిపోయి బియ్యపు సంచులముందు నిలిచిరి. 5 కిలోల సంచి 4,000 యెన్లకు పైమాట. మన లెక్కలో కిలో ఇంచుమించు ఐదువందల రూపాయలు! ఆయన సంచిని త్రిప్పి త్రిప్పి చూచిరి. దీనికి కారణము పెద్దది. వరి తినువారు తగ్గుచున్నారని ఆ ప్రభుత్వము 1970 ప్రాంతమునుండి 2018 వరకు సాగు తగ్గించిన రైతులకు డబ్బిచ్చినది. సేద్యము చేయువారి సగటు వయస్సు డెబ్బదికి చేరువైనది, పడుచువారు పట్టణములు పట్టిరి. 2023 వేసవి ఎండలకు గింజ దెబ్బతినగా, 2024లో దుకాణములు ఖాళీ యయ్యెను. 2025 మార్చి మొదలు ప్రభుత్వము తన నిలువలను వేలమువేయవలసి వచ్చినది. "మనకు ధర లేదు, వీరికి రైతు లేడు" అని మాత్రము అని, ఆయన సంచిని యథాస్థానమున సరిగా సర్దిపెట్టిరి.

ఇక నా తప్పు సంగతి చెప్పవలెను.

మొదటి రాత్రియే రైలుస్టేషను ప్రక్క చిన్న భోజనశాలలో సోబా అను సేమ్యా తెప్పించుకొంటిమి. వేడి చారులో తేలుచు వచ్చును. జుర్రుమని చప్పుడు చేయుచు తినుట అక్కడ మర్యాదకు లోపము కాదు. మాంసము వలదని ముందే చెప్పితిమి. అన్నగారికి ఆ చారు ఎంతయో నచ్చినది. "మన మిరియాల చారు తరువాత ఇదే" అనిరి. నాకు అనుమానము కలిగి, ఫోనులోని అనువాద సాధనముతో వడ్డించు పిల్లను అడిగితిని. చేపతో కాచిన చారని ఆమె జవాబు చెప్పినది. అప్పటికి ఆయన గిన్నె సగమైనది. చెప్పినచో ఆయన తినుట మానును, రేపటినుండి ప్రతిపూట వెదకులాట, ప్రయాణమంతయు చెడును అని తలచి నేను ఊరకుంటిని. తక్కిన యిద్దరికి కనుసైగ చేసితిని. వారును తలలు వంచుకొని తినిరి. ఇట్లు నాలుగు దినములు గడచెను. సమాచారశాఖలో జీతము తీసికొనువాడను, సమాచారము దాచితిని.

ఆ చారు మర్మము మీరును తెలిసికొనుట మంచిది. దాని పేరు దాషి. జపాను వంటలలో చాలవాటికి అదియే పునాది. సముద్రములో పెరుగు వెడల్పాటి నాచును ఎండబెట్టి నీటిలో నానవేయుదురు. దానికి తోడు ఒక జాతి సముద్రపు చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెవలె గట్టిపడువరకు ఎండించి, వడ్రంగి చిత్రికపట్టినట్లు పలుచని పొరలుగా చెక్కి అందులో వేయుదురు. కాయగూరల కూరలోను, సోయాచిక్కుళ్లను పులియబెట్టి చేసిన మీసో పులుసులోను ఈ చారే యుండును. కావున మాంసము లేదన్నంతమాత్రమున అక్కడ శాకాహారము కాదు. 1908లో ఇకేడా కికునాయె అను రసాయనశాస్త్రవేత్త ఆ నాచు రుచికి మూలమైన పదార్థమును వేరుచేసెను. మరుసటి యేడు అది అజినొమోటో అను పేర అంగడికి వచ్చినది. మన ఊళ్లలో నూడుల్సు బండ్లవారు చిటికెడు చల్లునది అదియే.

టోక్యోనుండి క్యోటోకు షింకాన్సెన్ రైలులో పోయితిమి. ఈ మార్గము 1964 అక్టోబరు 1వ తేదీన ఆరంభమైనది. ఒసాకావరకు 515 కిలోమీటర్లు. గంటకు 285 కిలోమీటర్ల వేగమున పోవుచున్నను గ్లాసులోని మంచినీరు తొణకలేదు. రెండు గంటల పైచిలుకు కాలములో క్యోటో చేరితిమి.

క్యోటో 794 మొదలు వేయేండ్లకు పైగా రాజధాని. మేము బస చేసినది ఒక సందులోని పాత చెక్కయింట. తెల్లవారి లేచి చూడగా, ఎదురింటి ముసలమ్మ చీపురుతో తన వాకిలి ఊడ్చుచున్నది. తన హద్దుతో ఆగక ప్రక్కయింటి వాకిలి ఒక మూరెడు మేర ఊడ్చి నిలిపినది. ఎందుకని ఇంటివారిని అడుగగా, సరిగా హద్దువరకే ఊడ్చినచో పిసినితనమనియు, ప్రక్కవారి వాకిలి మొత్తము ఊడ్చినచో "నీకు చేతగాదు" అని వారిని ఎత్తిపొడిచినట్లగుననియు చెప్పిరి. తరువాత ఆమె నీళ్లు చల్లినది. పేడ లేదు, ముగ్గు లేదు గాని చల్లుతీరు మన కళ్లాపియే. ఆ నగరమున 2006 అక్టోబరునుండి మండు చెత్తను పురపాలకమువారి పసుపుపచ్చని సంచిలోనే పెట్టవలెను. సంచికి వెల యుండును. ఎక్కువ చెత్త చేసినవాడు ఎక్కువ సంచులు కొనును. కాకులు చించకుండ ఆ సంచులపై వలకప్పి, బండి వచ్చిపోయిన పిమ్మట వలను మడచి దాచుట ఇరుగుపొరుగులు వంతులవారీగా చేయుదురు. చెత్త రుసుమునకు తీర్మానము చేసి వసూలు చేయలేక తలపట్టుకొన్న సభ్యులెవరైన ఇచ్చట నున్నచో, ఆ సంచి సంగతి ఆలోచింపదగినది.

అదేదినము నిషికి అను బజారునకు పోయితిమి. నాలుగువందల మీటర్లకు కొంచెము తక్కువ పొడవున్న ఇరుకు వీధి, ఇరువైపుల ఊరగాయలు, పప్పుజున్ను, టీ, మిఠాయిల అంగళ్లు. నడచుచు తినవద్దని బోర్డులు వ్రాసియున్నవి. ఒక కొట్టులో యజమాని ఎండుచేపను చెక్కుచు, వచ్చినవారికి చిన్నచిన్న కప్పులలో చారు రుచి చూపించుచుండెను. అన్నగారు ఒక అడుగు ముందున్నారు. ఆవిరి ముక్కునకు తగిలినది. నిలిచిపోయిరి. కప్పును చూచిరి, చేప చెక్కను చూచిరి, నావైపు తిరిగిరి.

"తమ్ముడూ, ఇది మనము రోజును త్రాగు చారు వాసన. నీకు ముందే తెలియునా?"

"తెలియును, అన్నగారూ."

"ఎప్పటినుండి?"

"మొదటి రాత్రినుండి."

ఆయన కేకలు వేయలేదు. వేసినచో బాగుండెడిది. "తెలియక తిన్నదానికి నాకు బాధ లేదు. మా యూరి నీళ్లట్యాంకులో మందు కలిపిన ప్రతిసారి చాటింపు వేయించితిని. మీరు త్రాగు నీటిలో ఇది కలిసినది, ఇష్టమైనవారు త్రాగుడు, లేనివారు కాచుకొనుడు అని. నీవు నా గిన్నెలో ఏమున్నదో చెప్పలేకపోతివి" అనిరి. ఆ రాత్రి ఆయన గదిలోనే ఉత్త అన్నము, ఆవకాయ కలిపి తిని పరుండిరి. మేము ముగ్గురము బయటికి పోయి ఏమి తింటిమో నాకిప్పుడు జ్ఞాపకము లేదు.

మరునాడు నేను వెదకి వెదకి ఒక బౌద్ధమఠపు భోజనమునకు ఏర్పాటు చేసితిని. దానిని షోజిన్ రియోరి యందురు. చేప లేదు, మాంసము లేదు, ఉల్లి వెల్లుల్లి సైతము లేవు. నాచుతోను ఎండు పుట్టగొడుగులతోను చారు కాతురు. నువ్వులపిండితో జున్నువంటిది చేయుదురు. ప్రతి గిన్నెకును ఇందులో ఏమున్నదని నేను అడిగి, అన్నగారికి బిగ్గరగా చెప్పుచుంటిని. ఆయన వినుచు తినిరి గాని నాతో మాటాడలేదు. ఆ భోజనశాలలోనే పశువైద్య మిత్రుడు రెండు పుడకలను అన్నములో నిలువుగా గ్రుచ్చి నీళ్లకై లేచెను. ఒక వృద్ధుడు వచ్చి మాటాడకుండ వాటిని తీసి ప్రక్కన అడ్డముగా పెట్టిపోయెను. మృతులకు పెట్టు అన్నములో అట్లు నిలుపుదురట. "మన పిండము వంటిదే, నాయనా" అని అన్నగారు వైద్యునికి చెప్పిరి. నాకు కాదు.

నారాలో తొడాయిజి ఆలయమునందలి మహాబుద్ధ విగ్రహమును చూచితిమి. పదిహేను మీటర్ల కంచు విగ్రహము. 752లో దానికి కనులు తెరచు సంస్కారము చేసినవాడు బోధిసేనుడను భారతీయ భిక్షువు. ఒసాకాలో ఒక్కపూట. ఆ నగరమువారికి తిండి మీద ప్రీతి మెండు. దీపముల వెలుగు, జనసమ్మర్దము మాకు తలనొప్పి తెచ్చినవి.

చివర హిరోషిమా. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయము 8 గంటల 15 నిముషములకు అచ్చట అణుబాంబు పడినది. ఆ సంవత్సరాంతమునకు సుమారు 1,40,000 మంది మరణించిరి. మూడు దినములకే ఒక మార్గమున ట్రాములు మరల నడచినవి. ఆనాటి ట్రాముబండ్లు ఒకటి రెండు నేటికిని ఆ పట్టాలమీద నున్నవి. స్మారక ప్రదర్శనశాలలో అన్నగారు ఒక అద్దపుపెట్టె ముందు చాలసేపు నిలిచిరి. అందులో నున్నది ఒక బడిపిల్లవాని మధ్యాహ్న భోజనపు డబ్బా. యుద్ధపు పనికి తోలిన పిల్లలలో వాడొకడు. తల్లి వెదకుచు పోగా శవము క్రింద ఈ డబ్బా దొరకినది. మూత తెరచియున్నది. ఆమె కట్టియిచ్చిన తిండి నల్లని బొగ్గై యున్నది. వాడు దానిని ముట్టనే లేదు.

బయటికి వచ్చి నదిగట్టున కూర్చుంటిమి. చెర్రీపూలు రాలుచుండెను. ఎంతసేపటికో అన్నగారు, "ఆకలిగా నున్నది, తమ్ముడూ" అనిరి. క్యోటో తరువాత ఆయన నన్ను పిలుచుట అదే మొదలు.

ఒకోనోమియాకి అను అట్టు ఆ ఊరి తిండి. యుద్ధము తరువాత బియ్యము కరువై గోధుమపిండి దొరకిన దినములలో, ఇంటి ముంగిట ఇనుపపెనము పెట్టుకొని స్త్రీలనేకులు దీనిని అమ్మి సంసారములు ఈదిరని చెప్పుదురు. మన దోసెవలె పలుచగా పిండి పరచి, దానిపై గుప్పెళ్లకొద్ది క్యాబేజీ, మొలకలు, పందిమాంసము, సేమ్యా, గ్రుడ్డు వరుసగా పేర్చి తిప్పి కాల్చుదురు. మేము పోయినది ఎనిమిదిమంది పట్టు అంగడి. నడుపునది అరువదేండ్ల స్త్రీ. ఈసారి కూర్చొనకముందే ఫోను తీసి అన్నియు చెప్పితిని. మాంసము, చేప, గ్రుడ్డు, చేపపొడి, ఏదియు కూడదు. ఆమె తల యూపి, గరిటెతో పెనమును ఒక ప్రక్క రెండుమార్లు గీకి, నూనె వేసి తుడిచినది. సేమ్యా పొట్లముపై అక్షరములు చదివి ప్రక్కన పెట్టినది. నల్లని సాసు సీసాను ఎత్తి, వెనుకనున్న వివరములు కన్నులు చికిలించి చదివి, తల అడ్డముగా త్రిప్పి, ఉప్పు డబ్బా చూపినది. ఉత్త పిండి, క్యాబేజీ, మొలకలు, ఉప్పు.

అన్నగారు ఒక తునక నోటబెట్టుకొని, సంచిలోనుండి కందిపొడి పొట్లము తీసి చల్లుకొనిరి. ఆమె వింతగా చూచినది. ఆయన ఒక చిటికెడు ఆమె అరచేతిలో పెట్టిరి. నాలుకకు తగిలించుకొని, కన్నులు పెద్దవి చేసి, ఇదేమియని సైగ చేసినది.

"నీవు చెప్పుము, తమ్ముడూ" అనిరి అన్నగారు. "కందిపప్పు, ఎండుమిరప, జీలకఱ్ఱ, ఉప్పు. వెల్లుల్లి యున్నదని కూడ చెప్పుము. ఒకటియు వదలకుము."

నేను ఫోనులో ఒక్కొక్కటే చెప్పితిని.