భవనాన్ని నడిపే చేతులకు చదువు

హరిత భవనాల రంగంలో మనం సాధించినదాన్ని ఏకరువు పెట్టడం అధ్యక్షోపన్యాసాల ఆనవాయితీ. ఆ పని క్లుప్తంగా ముగించి, మనం వదిలేసిన ఒక్క విషయం మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

సాధించింది తక్కువేమీ కాదు. ఇంధన పొదుపు చట్టం, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే భారత హరిత భవనాల మండలి (ఐజీబీసీ), రెండూ 2001లోనే వచ్చాయి. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో హరిత భవనాల లీడ్ పద్ధతిలో ప్లాటినం రేటింగ్ దక్కింది. అమెరికా వెలుపల ఆ స్థాయి అందుకున్న తొలి భవనం అదే. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. 2007లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నియమావళి (ఈసీబీసీ), 2018లో నివాస భవనాలకు ఎకో నివాస్ సంహిత వచ్చాయి. ఐజీబీసీ, 'గృహ' రేటింగ్ సంస్థ, ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ నిర్వహించే శిక్షణలూ పరీక్షలూ ఉన్నాయి. పడమటి అద్దానికి ఎంత నీడ కావాలో, పైకప్పుకు ఎంత ఇన్సులేషన్ వెయ్యాలో చెప్పగల యువతకు కొదవ లేదు.

అయితే నక్షా, నిర్మాణం కలిపి మూడు నాలుగేళ్ల పని. ఆ తర్వాత భవనం యాభై ఏళ్లు నడుస్తుంది. నడిపేది ఎవరు? బేస్‌మెంట్‌లో ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ల హోరు మధ్య షిఫ్టు డ్యూటీ చేసే ఐటీఐ కుర్రాడు. ఏజెన్సీ మారితే అతనూ మారిపోతాడు. మన శిక్షణ ఇంకా అతని దాకా దిగలేదు.

ఏ పెద్ద ఆఫీసు ప్లాంట్ రూమ్‌లోనైనా లాగ్‌బుక్ తెరిచి చూడండి. చిల్లర్ నుంచి వెళ్లే నీళ్లు 7 డిగ్రీలు, తిరిగొచ్చే నీళ్లు 12 డిగ్రీలు ఉండాలని డిజైన్ అనుకుందాం. పుస్తకంలో గంట గంటకూ 7, 9 అని రాసి ఉంటుంది. రాసినవాడు నిజాయితీగానే రాశాడు. ఆ రెండు అంకెల తేడా తీసి చూడమని మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. తేడా 5 నుంచి 2కి పడిపోతే అదే చల్లదనానికి రెండున్నర రెట్ల నీళ్లు తిప్పాలి. అప్పుడు రెండో పంపు వేస్తారు, దాని వెంట రెండో చిల్లర్ వేస్తారు. ఇంతకీ ఎక్కడో కాయిల్‌కు దుమ్ము పట్టి ఉంటుంది, ఒక వాల్వు ఇరుక్కుని ఉంటుంది, లేదా ఎవరో థర్మోస్టాట్‌ను 18కి దించి మరిచిపోయి ఉంటారు. దీన్ని కనిపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. ఒక తీసివేత, దాని అర్థం చెప్పే ఒక పాఠం చాలు.

నేర్చిన చేతులు ఎందుకు కావాలో చెప్పడానికి హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్ కన్నా మంచి ఉదాహరణ లేదు. అక్కడ ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేశారు. ఒకవైపు మామూలు సెంట్రల్ ఏసీ, రెండోవైపు శ్లాబులోని గొట్టాల్లో చల్లనీళ్లు తిప్పే రేడియంట్ పద్ధతి. గోడలూ అద్దాలూ ఒకటే. విడివిడిగా మీటర్లు పెట్టి కొలిస్తే రేడియంట్ వైపు ఏసీ కరెంటు దాదాపు 34 శాతం తక్కువ తేలింది. అయితే ఈ పద్ధతిని నడపడం తేలిక కాదు. వానాకాలంలో గాలిలో తేమ పెరిగినప్పుడు శ్లాబు అడుగుభాగం డ్యూ పాయింట్ (తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) కన్నా చల్లబడితే పైకప్పు చెమర్చి, చుక్కలు బల్లల మీద పడతాయి. అక్కడి ఆపరేటర్‌కు డ్యూ పాయింట్ అంటే ఏమిటో తెలిసి తీరాలి.

పై దేశాలవాళ్లూ నడుస్తున్న భవనాన్ని కొలిచే దారినే వచ్చారు. ఇంగ్లండులో 1995 నుంచి 2002 దాకా ప్రోబ్ పేరుతో వాడుకలో ఉన్న భవనాలను పరిశీలించి, డిజైన్ అంచనాకూ అసలు వాడకానికీ ఎంత దూరమో బయటపెట్టారు. కట్టినవాళ్లు సరిగా అప్పగించకపోవడం, నడిపేవాళ్లకు కంట్రోళ్లు అంతుపట్టకపోవడం అక్కడ తేలిన కారణాల్లో ముఖ్యమైనవి. ఆస్ట్రేలియాలో నేబర్స్ పద్ధతి పన్నెండు నెలల అసలు వాడకం చూసి గానీ నక్షత్రాలు ఇవ్వదు.

పనివాళ్ల శిక్షణ అవసరాన్ని మన ప్రభుత్వాలు గుర్తించకపోలేదు. 2019 నాటి జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది ఏసీ సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ ఇవ్వాలంది. తెలంగాణ 2023లో, పైకప్పులకు ఎండను తిప్పికొట్టే పూత వేయించే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కానీ ఆ పూత వేసే మేస్త్రీకి శ్లాబు కడిగి ఆరబెట్టడం, బీటలు పూడ్చడం, నీళ్లు నిలిచే చోట వాటం సరిచేయడం ఎవరు నేర్పుతారు? దుమ్ము మీద వేసిన తెల్లరంగు రెండు వానలకే పొరలుగా లేచిపోతుంది. తప్పు విధానం మీదికి వస్తుంది.

అందుకే ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, ఆర్కిటెక్చర్, సివిల్, మెకానికల్ విద్యార్థి ప్రతి ఒక్కరూ తమ కాలేజీ భవనం ఏడాది కరెంటు, నీటి బిల్లులు ముందేసుకుని, ఎక్కడ వృథా అవుతోందో తేల్చి, మార్కులు తెచ్చుకోవాలి. రెండు, ఆపరేటర్లకు, ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు, మేస్త్రీలకు పాఠాలు తెలుగులో, వాళ్లు పనిలో వాడే మాటలతోనే తయారుచేయాలి. పరీక్ష కాగితం మీద కాకుండా యంత్రం ముందు పెట్టాలి. మూడు, భవనం అప్పగించాక ఎండా, వానా, చలీ మూడు కాలాలూ దాటేదాకా డిజైనర్ తోడుండి నడిపేవాళ్లకు నేర్పాలన్న షరతును టెండర్‌లోనే రాయాలి, దానికి డబ్బూ కేటాయించాలి. డబ్బు చూపని షరతు కాగితానికే పరిమితమవుతుంది.

రేటింగ్ ఫలకం పెట్టిన రోజు చప్పట్లు కొట్టాం. పదేళ్ల తర్వాత అదే భవనం బిల్లు అడిగే అలవాటు మనకు ఇంకా రాలేదు. ఈ మూడింటినీ సదస్సు తీర్మానాల్లో చేర్చి, వచ్చే సదస్సుకు ప్లాంట్ రూమ్ ఆపరేటర్లను ప్రతినిధులుగా పిలవమని నిర్వాహకులను కోరుతున్నాను.