తారకు తార భూతద్దము

ఆకాశమున నొక నక్షత్రము కొన్నాళ్ళు క్రమముగా ప్రకాశము హెచ్చి, మరల యథాస్థితికి వచ్చినదనుకొనుడు. మార్పు ఆ తారలోనే కలిగినదా? లేక దానికిని మనకును నడుమ కంటికి గానరాని మరియొక గోళము సాగిపోయినదా? దీనిని తేల్చుటకు ఖగోళజ్ఞులకు రెండు సాక్ష్యములు గలవు: వెలుగు హెచ్చుతగ్గుల లెక్క, వర్ణపటము.

ద్రవ్యరాశి గల ప్రతి వస్తువును తన చెంతగా పోవు కాంతికిరణమును కొంచెము వంచును. వెనుకనున్న తార, నడుమ గోళము, మనము ఒకే వరుసలోనికి వచ్చినపుడు, పక్కలకు పోవలసిన కిరణములు గూడ మనవైపునకు మరలును. తారలో మార్పు లేదు. మనకు చేరు వెలుగు మాత్రము హెచ్చును. రూడీ మాండల్ అను చెక్ ఇంజనీరు ప్రోద్బలముచే ఐన్‌స్టీను 1936లో ఈ సంగతిని లెక్కగట్టి ప్రచురించెను గాని, దీనిని ప్రత్యక్షముగా చూడగల ఆశ లేదనియే తలచెను. అంత కచ్చితముగా వరుస కుదురుట లక్షలాది తారలలో ఏ యొక్కదానికో గదా! అట్లయిన ఆ లక్షలాది తారలనే కనిపెట్టియుందమని 1986లో పోలెండు శాస్త్రజ్ఞుడు బోడాన్ పచిన్‌స్కీ సూచించెను. పాలపుంతను ఆవరించిన అదృశ్యద్రవ్యము చీకటి గోళములేమో దీనిచే తేలగలదు. 1993లో ఫలితము వచ్చెను. ఆస్ట్రేలియాలోని మౌంట్ స్ట్రామ్లో దూరదర్శినితో మెగెల్లాన్ పెద్దమేఘమును పరిశీలించుచున్న బృందము, అందొక తార సుమారు ఏడు రెట్లు ప్రకాశించి, నెల పైచిలుకు దినములలో చల్లబడినట్లు ప్రకటించెను.

అయితే, తమంతట తామే వెలుగు మార్చుకొను తారలకు ఆకాశమున కొదువ లేదు. మరి భేదమెట్లు తెలియును? గాజుకటకము నీలికాంతిని ఎఱ్ఱకాంతికన్న అధికముగా వంచును. గురుత్వాకర్షణకు ఆ పక్షపాతము లేదు. కావున రెండు రంగులును ఒకే పాళమున హెచ్చి, ఒకే పాళమున తగ్గవలెను. తార తానై ఉబ్బి తగ్గునెడల దాని ఉష్ణోగ్రత మారును. వర్ణపటములోని నల్లని రేఖల బలాబలములును మారును. కటకమే కారణమైనచో ఆ రేఖలు చెక్కుచెదరవు. ఎక్కిన తీరుననే వెలుగు దిగును, మరల రాదు. (ప్రక్కనున్న వేరొక తార వెలుగు కలిసినచో రంగు స్వల్పముగా మారుట కలదు; అది వేరు చిక్కు.)

ఆ 1993లోనే ఒక ఫ్రెంచి బృందమును తమకిట్టి ఘటనలు రెండు దొరకినవనెను. వానిలో నొక తార వర్ణపటమున ఉదజని రేఖ నల్లగా గాక మెఱయుచుండెను. అట్టి తారలు తమచుట్టు వాయువలయము గలిగి, వెలుగు నిలకడ లేనివి. ఈ రేఖయే అనుమానమునకు తావిచ్చెను. 1998లో ఆ తార మరల ప్రకాశించెను! దానిని జాబితానుండి తొలగించిరి.

పోలెండు బృందమొకటి ఆ మేఘములోని దాదాపు 8 కోట్ల తారలను 20 ఏండ్లు కనిపెట్టి 2024లో లెక్క తేల్చినది. దొరకిన ఘటనలు 13. వానికి మామూలు నక్షత్రములే చాలును. అదృశ్యద్రవ్యమున చీకటి గోళముల పాలు బహుస్వల్పమని తేలినది.