తపాలు గుమాస్తాకు మన ఉత్తర్వులు



ఈమెయిలులో వచ్చిపడే చెత్త ఉత్తరాలను ఆపే ఉపాయం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. చెత్త ఉత్తరం ఒకటి ఎక్కువ వస్తే చెరిపేస్తాము, అంతే. అసలు ఉత్తరం అందకపోతే మాత్రం నష్టం. కాబట్టి ముందుగా దాని సంగతే మనవి చేస్తాను.

మన ఆఫీసుల్లో వచ్చిన కాగితం ఏ సీటుకు పోవాలో తపాలు గుమాస్తా తేల్చేవాడు. జీమెయిల్‌లో ఆ పని యంత్రానిది. అనుమానం కలిగినవాటిని అది ‘స్పామ్’ అనే అరలో వేస్తుంది. 30 రోజులయ్యాక అవి వాటంతటవే చెరిగిపోతాయి. ఈ గుమాస్తా మెమోలకు జడవడు గాని, స్పష్టంగా ఉత్తర్వు ఇస్తే పాటిస్తాడు. ఆ ఉత్తర్వు పేరే ఫిల్టరు.

మన సభ్యులొకరికి ఆరోగ్య బీమా రెన్యువల్ ఉత్తరం ఆ అరలోనే పడింది. గ్రేస్ గడువు ఇంకా నాలుగు రోజులుందనగా మనవరాలు చూసింది. లేకపోతే, ఈ వయస్సులో కొత్త పాలసీ తీసుకుని పాత జబ్బులకు మళ్ళీ నిరీక్షణ కాలం మొదలుపెట్టవలసి వచ్చేది.

ఫిల్టరు పెట్టడానికి కంప్యూటరు కావాలి. ఫోనులోని జీమెయిల్ యాప్‌లో ఆ సదుపాయం లేదు. బ్యాంకు నుంచో, బీమా కంపెనీ నుంచో వచ్చిన పాత ఉత్తరం తెరవండి. పైనున్న మూడు చుక్కలు నొక్కి ‘ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్’ అన్నది ఎంచుకోండి. పంపినవారి చిరునామా దానంతటదే గడిలో పడుతుంది. ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కి, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ ఎదుట టిక్కు పెట్టి, మరల ‘క్రియేట్ ఫిల్టర్’ నొక్కండి. రెండు నిమిషాల పని. పింఛను ఇచ్చే బ్యాంకు, బీమా, విదేశాల్లో ఉన్న పిల్లలు, మన సంఘం, వీరందరికీ ఒక్కొక్కటి పెట్టుకుంటే చాలావరకు నిశ్చింత.

అయితే టిక్కు పెట్టేముందు చిరునామా చివరిదాకా చదవండి. పైన కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మన బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ‘.బ్యాంక్.ఇన్’ అనే చిరునామాకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది, అక్టోబరు 31 గడువుగా. అందువల్ల మీ బ్యాంకు ఈమెయిలు చిరునామా కూడా మారి ఉండవచ్చు. పాత చిరునామాతో పెట్టిన ఫిల్టరు కొత్తదానికి పనిచేయదు, ఒకసారి సరిచూసుకోండి.

ఇక ఆపే ఫిల్టర్లు. కొందరు ఉత్సాహంగా ‘లోన్’ అనే మాట కనబడితే ‘డిలీట్’ చేయమని ఉత్తర్వు ఇస్తారు. మీరు హామీ సంతకం పెట్టిన అప్పు గురించి బ్యాంకు రాసినా అదీ పోతుంది. మాటను బట్టి కాక, పంపినవారి చిరునామాను బట్టి ఆపండి. నన్నడిగితే డిలీట్ జోలికి పోకుండా, ‘అప్లై ది లేబుల్’తో పక్కన వేరే కట్టగా పెట్టించడం మేలు. తీరిక మనకు కొదవా?

చివరగా ఒకటి. సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల పట్టిక ఉంటుంది, అది తెరిచి చూడండి. మీరు పెట్టని ఫిల్టరు ఏదైనా మీ ఉత్తరాలను ఇంకో చిరునామాకు ‘ఫార్వర్డ్’ చేస్తూ ఉంటే, ఎవరో మీ ఖాతాలో దూరారన్నమాట. దాన్ని తీసివేసి, ఆ రోజే పాస్‌వర్డు మార్చండి.

టీ తరువాత మూలనున్న బల్లమీద కంప్యూటరు సిద్ధంగా ఉంటుంది. ఎవరి పాస్‌వర్డు వారే, ఎవరూ చూడకుండా, కొట్టుకోవాలి.