కోటగుమ్మం నుంచి తాడితోట దాకా
రాజమండ్రి కోటగుమ్మం సెంటర్లో నిలబడి కోట ఎక్కడా అని ఎప్పుడైనా వెతికారా? కోట పోయింది, పేరు మిగిలింది. మెయిన్ రోడ్డు మీద బేరాలు మాత్రం ఆగలేదు. ఒకప్పుడు సరుకు పడవల మీద రేవుకి చేరేది. 1900లో హేవలాక్ వంతెన మీదుగా రైలొచ్చింది. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన పడ్డాక కొవ్వూరు వైపు నుంచి బస్సులు, లారీలు నేరుగా వచ్చేశాయి.

తాడితోట అంటే తాటిచెట్లు గుర్తొస్తాయి కదా, ఇప్పుడక్కడున్నది హోల్‌సేల్ బట్టల మార్కెట్. పల్లెల్లో చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్లు మూటలు కట్టించుకెళ్లేది ఇక్కడినుంచే. చీర మడత విప్పి, చేత్తో తడిమి, "ఇంకో రెండొందలు తగ్గించండి బాబూ" అనడం యాప్‌లో కుదరదండీ. అయినా వాళ్ల గిరాకీని లాక్కుంటున్నది మన చేతిలో ఫోనే. నేనూ ఆర్డర్లు పెట్టేవాడినే, అబద్ధం చెప్పను. ఈసారి ఇంట్లో పెళ్లి బట్టలకి మాత్రం అమ్మతో తాడితోట వెళ్తున్నా. మీరెక్కడ కొన్నారో కామెంట్లో చెప్పండి.