పరుగు ఆగిన తర్వాత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజినీరును కాబట్టి నీళ్ల గురించో ఫ్లోరైడ్ గురించో చెప్తానని మీరు అనుకుని ఉంటారు. ఈ పూట ఆట గురించి చెప్తాను.

కొన్నేళ్ల కింద ఉద్యోగం పని మీద అమెరికా పోయాను. అక్కడి ఫుట్‌బాల్ మనది కాదు. బంతిని చంకలో పెట్టుకుని ఉరకాలి. అట్లా ఉరికేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. దొరికితే చాలు, ఎదుటి జట్టు వాళ్లు మీద పడి కింద పడేస్తారు. ముప్పై దాటేసరికి చాలామంది ఆట ముగుస్తుంది. టీవీలో చూస్తుంటే నాకు మన బడి కబడ్డీ కోర్టు గుర్తొచ్చింది. కూతకు పోయినవాడు ఇటు ఒక్కడే, అటు ఏడుగురు.

మన హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన ఒక ఆటగాడి కథ చిన్నవాళ్లకు తెలియాలి. పేరు తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేద కుటుంబం. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆయన ఆట చూసి ప్రాక్టీసుకు రమ్మన్నారు. రావడానికి డబ్బుల్లేవంటే, రహీం సాబే సైకిల్ కిరాయి ఇచ్చారని చెబుతారు. రహీం కూడా ఒకప్పుడు బడిపంతులే.

ఆ సైకిల్ ఎక్కడిదాకా పోయిందో చూడండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి బలరాంకు 20 ఏళ్లు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఆయనా ఉన్నారు. ఆ ఏడాదే అర్జున అవార్డు.

మరుసటి ఏడాదే, 1963లో, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట వదిలేశారు. అప్పటికి 27 ఏళ్లు. అదే ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. బలరాంతో కలిసి ఆడిన చునీ గోస్వామికి, పీకే బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పాడాలో ఒంటరిగా బతికి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆట ఏడెనిమిదేళ్లు, ఆ తర్వాతి బతుకు అరవై ఏళ్లు.

ఇప్పుడు మన బడి సంగతి. మా బ్యాచ్‌లో కూతకు పోతే చేతికి దొరకనివాడు ఒకడుండేవాడు. పేరు చెప్పొద్దని ఇందాకే నా చెయ్యి పట్టుకుని అన్నాడు. పదో తరగతిలో జోనల్ పోటీల్లో మోకాలు తిరిగింది. పసరు కట్టు కట్టించారు. రెండు నెలలు బడికి రాలేదు. పబ్లిక్ పరీక్ష తప్పాడు. ఏడాది తిరగకుండానే బొంబాయి బస్సెక్కాడు, మట్టి పనికి.

వాళ్ల ఇల్లు మా ఇంటికి ఒక వాడ అవతల. ఆ రెండు నెలల్లో నా నోట్సు పట్టుకుపోయి ఇచ్చింది లేదు. ఆట గెలిచిన రోజు వాణ్ణి భుజాల మీద మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. నేను ఇంజినీరునైతే వాడు కూలీ అయ్యాడు. మా ఇద్దరి మధ్య తేడా తెలివి కాదు, ఒక మోకాలు. నాకు సిగ్గుగా ఉంటుంది. ఇన్నాళ్లకు ఇవాళ చెప్తే వాడు నవ్వి, "పోనీ తియ్యి రా" అన్నాడు. వాడు తీసేసినా నేను తీసెయ్యలేను.

అందుకే సంఘానికి ఒక విన్నపం. మనం కప్పులు కొనిస్తున్నాం, బూట్లు కొనిస్తున్నాం, మంచిదే. ఆటలో దెబ్బ తగిలిన పిల్లల కోసం ఒక నిధి కూడా పెడదాం. ఎముకల డాక్టరుకు చూపించాలి, తప్పిపోయిన పాఠాలు ఇంటికి పోయి చెప్పాలి. మొదటి విడతగా నా నెల జీతం ఇస్తున్నాను. పాఠాలు చెప్పే పని, ఊళ్లో ఉన్నన్నాళ్లూ, నాదే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, భయం లేకుండా కూతకు పోండి. పడితే లేపడానికి మేమున్నాం.

సెలవు.